మూడు షిఫ్టుల అప్‌లోడు

ఆదివారం పొద్దున ఏడు కొట్టంగనే భానుప్రసాద్ గేటు తీసుకొని లోపలికి వచ్చిండు. ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ, జేబులో పెన్ను, చేతిలో టిఫిన్ డబ్బా. పదకొండేండ్ల కింద రిటైరైన మనిషి నిజంగా డ్యూటీకి వచ్చినట్టే వచ్చిండు. కంప్యూటర్ ముందు కూర్చున్న రాజలింగు కండ్లు నులుముకుంటూ లేచి చార్జి అప్పజెప్పిండు.

"అరవై ఎనిమిది మీదనే ఉన్నది సార్. ఆరు యాభైకి వత్తిన. కాలే."

"పది నిమిషాలకొకసారి వత్తుతున్నవ్ గద?"

"ఒక్కటి తప్పలే."

భానుప్రసాద్ బల్ల మీది నోటుబుక్కు తెరిచి, వచ్చిన టైము రాసి, సంతకం పెట్టిండు. తర్వాత కుర్చీలో కూర్చొని, కూలర్ గాలి మొహానికి తగిలేటట్టు జరిగి, మౌసు పట్టుకొని ఒక్కసారి వత్తిండు. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చినయి.

"కాలే," అన్నడు, బుక్కులో అదే మాట రాసిండు.

నిఖిత వంటింటి గడపలో నిలబడి చాయ్ తాగుతూ ఇదంతా చూస్తున్నది. రెండు రోజుల నుంచి ఆమెకు పరీక్షలు. ఇంట్లో ఏదో జరుగుతుందని తెలుసు గాని, ఇంత పద్ధతిగా జరుగుతుందని తెలువదు. పక్కన రాజలింగు భార్య రాజక్క పొయ్యి మీది గిన్నె దించుతూ అన్నది:

"సూసినవా బిడ్డా, మీ పెద్దబాపు బాయి మళ్ళ తెరిచిండు. ఈసారి మనింట్లనే."

రాజలింగు నిఖిత తండ్రికి అన్న. బొగ్గు బాయిలో ముప్పై నాలుగేండ్లు పంపు ఆపరేటర్‌గా పనిచేసిండు. భూమి అడుగున నీళ్ళు ఊరుతూనే ఉంటయి. ఆ నీళ్ళను పైకి తోడే పంపు కాడ మనిషి ఉండాలె, పండుగైనా సరే, పానం బాగలేకున్నా సరే. పంపు ఆగితే ఆగినట్టు వదిలేస్తే తెల్లారేసరికి గని సగం మునుగుతది. అట్ల బతికిన మనిషి రిటైరై, గోదావరిఖనిలో క్వార్టర్ల వెనక రెండర్రల ఇల్లు కట్టుకొని, రెండేండ్లు ఊరికే కూర్చున్నడు. కూర్చునుడు ఆయనకు చేతగాలే. పొద్దున నాలుగున్నరకే లేచి ఇంట్లో నల్లాలన్నీ తిప్పి చూసేది. రాజక్క తిట్టేది.

నిఖితది జమ్మికుంట దగ్గర ఊరు. పదో తరగతి దాకా అక్కడి బడిలోనే చదివి, ఇంటర్ జమ్మికుంటలో చేసి, డిగ్రీకి పెద్దబాపు ఇంటికి వచ్చింది. మాట తక్కువ, చూపు ఎక్కువ. మొన్న చలికాలంలో కాలేజీలో వందన మేడం ఒక సంగతి చెప్పింది. వానల గురించి లెక్కగట్టే వాళ్ళకు చాలా పెద్ద లెక్క ఉంటదట. అంత లెక్క చేసే యంత్రం వాళ్ళ దగ్గర ఉండదు. అందుకని దాన్ని ముక్కలు చేసి, ఎవరింట్లో కంప్యూటర్ ఖాళీగా ఉంటే వాళ్ళకు ఒక్కొక్క ముక్క పంపుతరు. ఇంట్లో కంప్యూటర్ దాని పాటికి అది లెక్క చేసి, జవాబును మళ్ళ వాళ్ళకు పంపుతది. జీతం లేదు, బలవంతం లేదు. ఇష్టమున్నోళ్ళు చేస్తరు.

రాజలింగు కొడుకు రాకేశ్ ఇచ్చోడలో వ్యవసాయ శాఖలో పనిచేస్తడు. ఆయన పాలిటెక్నిక్ చదివిన నాటి కంప్యూటర్ ఇంట్లో దుప్పటి కప్పుకొని ఉన్నది. నిఖిత దాని దుమ్ము దులిపి ఆ ప్రోగ్రాం పెట్టింది. చిన్న ముక్కలు కొన్ని చేసినంక, పెద్ద ముక్క ఒకటి వచ్చింది. నలభై తొమ్మిది రోజుల పని.

"రాత్రింబగళ్ళు నడవాల్నా?" అని అడిగిండు రాజలింగు.

"నడవాలె పెద్దబాపు."

"కాడ ఎవలుండాలె?"

"ఎవ్వలక్కర్లే. అదే నడుస్తది."

ఆ చివరి మాట ఆయన చెవిలో పడలే. ఆ రోజు నుంచి ఆయనకు డ్యూటీ దొరికింది. ఎండలు ముదిరినంక, కంప్యూటర్ వేడెక్కుతుందని ఇంట్లో ఉన్న ఒక్క కూలర్‌ను దాని దిక్కు తిప్పిండు. ఏప్రిల్ నెలలో, గోదావరిఖనిలో, రాజక్క తడి చీరె కిటికీకి కట్టుకొని పండుకున్నది.

"నలభయేండ్ల సంసారంల నాకు గింత సేవ జెయ్యలే," అన్నది ఒకనాడు.

"నువ్వు వేడెక్కితే తిడుతవ్. అది వేడెక్కితే ఆగిపోతది," అన్నడు రాజలింగు.

బేస్తవారం సాయంత్రం లెక్క పూర్తయింది. రాజలింగు వాడకట్టంతా పల్లీ పట్టీలు పంచిండు. జవాబు ఫైలు పైకి ఎక్కుడు మొదలుపెట్టింది. అరవై రెండు శాతం దాకా పోయింది. అప్పుడు గాలి దుమారం లేచి ఇంటర్నెట్ లైను తెగింది. పావుగంటకు లైను వచ్చింది గాని ఫైలు కదలలే. ఆదివారం సాయంత్రం అయిదున్నర లోపు అది చేరాలె. చేరకపోతే ఆ ముక్కను ఇంకొకరికి ఇస్తరు, ఈ నలభై తొమ్మిది రోజుల పని చెత్తబుట్టలో పడుతది.

"అదే మళ్ళ పంపుకుంటది, ముట్టకుర్రి," అని చెప్పి నిఖిత పరీక్షకు చదువుకున్నది. కాని ఆగిన మోటరును చూస్తూ ఉండుడు రాజలింగు వల్ల అయ్యే పనేనా? "మళ్ళ ప్రయత్నించు" అనే బటన్ ఎక్కడుందో ఆయనకు తెలుసు. శుక్రవారం పొద్దుగాల్లకు ఇద్దరు దోస్తులను పిలిచిండు. ల్యాంప్ రూం క్లర్కుగా చేసిన భానుప్రసాద్‌ది ఫస్ట్ షిఫ్టు. బాయిలో బొగ్గు టబ్బులు లాగే హాలర్ నడిపిన పక్కింటి మొండయ్యది సెకండ్ షిఫ్టు. తక్కిన టైమంతా రాజలింగుది. పది నిమిషాలకొకసారి వత్తాలె, బుక్కులో రాయాలె. కూలర్ ఎదురుగ్గా కూర్చునే డ్యూటీ కాబట్టి దోస్తులు ఇద్దరూ వెంటనే ఒప్పుకున్నరు.

ఇప్పుడు ఆదివారం వచ్చింది. పది గంటల పైన సమయమున్నది, అరవై ఎనిమిది శాతం ఉన్నది.

నిఖిత చాయ్ గ్లాసు కడిగిపెట్టి, భానుప్రసాద్ పక్కన పీట వేసుకొని కూర్చున్నది.

"సార్, బుక్కు జర చూడొచ్చునా?"

"చూడు బిడ్డా. ఒక్క కొట్టివేత ఉండది. నా పేజీలల్ల మాత్రం," అన్నడు ఆయన గర్వంగా.

నిజమే, ఆయన రాత అచ్చు వేసినట్టున్నది. రాజలింగు రాత పెద్దగా, బరువుగా. మొండయ్య రాత ఒక వరుస ఎక్కుతది, ఒక వరుస దిగుతది. అందరిదీ ఒకటే మాట: వత్తిన, కాలే. వత్తిన, కాలే. రెండు రోజుల్లో బుక్కు సగం నిండింది. ఒక్క చోట మాత్రం, శనివారం నాలుగింటికి, రాజలింగు పెద్ద అక్షరాలతో రాసిండు: "చార్జి తీసుకొన్న. ఫైలు కదులుతుంది గాని నెమ్మది. గాలి పట్టిన పంపు లెక్క ఉన్నది. ఆపి మళ్ళ మొదలువెట్టిన. అరవై ఎనిమిది అయ్యింది."

అరవై రెండు నుంచి అరవై ఎనిమిదికి అప్పుడే ఎక్కింది. ఆ ఆరు శాతం తన చేతి పుణ్యమే అని రాజలింగు శనివారం సాయంత్రమంతా చెప్పుకున్నడు.

కంప్యూటర్ కూడా తన డైరీ తాను రాసుకుంటది. ఏ నిమిషానికి ఏం జరిగిందో అందులో ఉంటది, ఇంగ్లీషులో. నిఖిత తెర మీద ఆ డైరీ తెరిచి నెమ్మదిగా చదివింది. ప్రతిసారీ ఒకటే జవాబు వచ్చింది: అవతల ఆ ఫైలుకు తాళం పడి ఉన్నది, ఎవరో దాన్ని వాడుతున్నరు.

ఎవరు వాడుతున్నరు? ఆ ఫైలు ఈ ఇంటిదే, పంపేది ఈ ఇంటి నుంచే.

ఆమె తన ఫోనులో ఆ ప్రాజెక్టు వాళ్ళ చర్చల పేజీలు వెతికింది. పాత ప్రశ్నలు, జవాబులు, నడుమ నడుమ కొట్లాటలు. ఎవరో ఎక్కడివాళ్ళో మూడేండ్ల కింద ఇదే కష్టం చెప్పుకున్నరు. కింద ఒకరు ఓపికగా జవాబు రాసిండ్రు. నిఖిత దాన్ని మూడుసార్లు చదివింది. సగంలో లైను తెగితే ఆ సంగతి అవతలి యంత్రానికి తెలువదు. పంపేవాళ్ళు ఇంకా పంపుతనే ఉన్నరని తాళం అట్లనే ఉంచుతది. రెండు గంటలు ఏ చప్పుడు లేకపోతే తాళం తీస్తది. మధ్యలో ఒక్కసారి తలుపు కొట్టినా, ఆ రెండు గంటలు మళ్ళ మొదటి నుంచి లెక్క.

నిఖిత తల ఎత్తి భానుప్రసాద్ దిక్కు చూసింది. ఆయన గడియారం చూసుకొని, అంగీ చేయి సర్దుకొని, మళ్ళ వత్తుతున్నడు.

"కాలే," అన్నడు.

అట్లయితే శనివారం ఎట్ల కదిలింది? అది తేలకుండా పెద్దబాపుకు చెప్తే ఆయన వినడు. ఆమె మళ్ళ డైరీ తీసి శనివారం నాటి రాత పట్టుకున్నది. ఒంటి గంట ఇరవైకి ఒక ప్రయత్నం. ఆ తర్వాత ఏమీ లేదు. మూడు యాభైకి ప్రోగ్రామే తనంతట తాను ప్రయత్నించింది, ఫైలు కదిలింది. నాలుగింటికి ఎవరో ఆపిండ్రు. మళ్ళ తాళం.

నడుమ రెండున్నర గంటలు ఎవ్వలూ ముట్టలే. మరి బుక్కు? బుక్కులో ఒకటీ ముప్పై నుంచి మూడు యాభై దాకా పదిహేను వరుసలున్నయి. వత్తిన, కాలే. మొండయ్య రాతే. కాని ఈ పదిహేను వరుసలు ఎక్కలే, దిగలే. నాటు వేసిన మడి లెక్క తిన్నగా, ఒకే ఊపులో ఉన్నయి.

నిఖిత బుక్కు మూసి నవ్వు ఆపుకున్నది.

పన్నెండు గంటలకు మొండయ్య తన షిఫ్టుకు వచ్చేసరికి ఆమె గేటు కాడ నిలబడి ఉన్నది.

"మొండయ్య మామా, నిన్న మధ్యాహ్నం కూలర్ గాలి మంచిగ తగిలిందా?"

మొండయ్య నడక ఆగింది. ఒకసారి ఇంటి దిక్కు, ఒకసారి ఆమె దిక్కు చూసిండు.

"ఎవలన్న సూసిండ్రా?"

"ఎవ్వలు చూళ్ళే. కంప్యూటర్ రాసుకున్నది."

"దాని నోట్ల మన్నువడ! నాకు తెల్వక అడుగుత, అది మస్టర్ గుమస్తానా?" అని గొంతు తగ్గించిండు. "బువ్వ తిని కూసున్న బిడ్డా. సల్లగ తగిలింది. కండ్లు తెరిచేసరికి నాలుగయితుండె. లింగన్న గేటు సప్పుడు ఇనవడ్డది. జల్ది జల్ది పదిహేను గీకిన. లింగన్నకు చెప్తవా?"

"నేను చెప్ప. మీరే చెప్పాలె."

"సంపుతడు గదనే!"

"చంపడు. మీరు నిద్రపోవుడే మంచిగైంది మామా. ఫైలు అందుకే కదిలింది."

మొండయ్య ఆమెను ఎగాదిగా చూసిండు. "ముప్పై ఎనిమిదేండ్ల సర్వీసుల పండుకున్నందుకు మెమోలిచ్చినోళ్ళున్నరు, జీతం కోసినోళ్ళున్నరు. మంచిగైందన్నది నువ్వొక్కదానివే," అన్నడు.

ఆయనకు ధైర్యం చిక్కే వరకు ఇంకో గంట పట్టింది. ఒంటి గంటకు ముగ్గురూ అన్నం తిని కంప్యూటర్ కాడ చేరినంక, గోడ దిక్కు చూసుకుంటూ చెప్పిండు. రాజలింగు మొహం ఎర్రబడ్డది.

"డ్యూటీల పండుకున్నవా! నిన్ను నమ్మి పంపు అప్పజెప్పితే పండుకున్నవా!"

"అది పంపు గాదు లింగన్నా, కంప్యూటర్."

"రిపోర్టు బుక్కుల దొంగ రాత!" అన్నడు భానుప్రసాద్. ఆయనకు నిద్ర కంటె అదే పెద్ద నేరం. "పదిహేను వరుసలు! కింద సంతకం గూడ!"

మొండయ్య రెండు దిక్కుల నుంచి పడే మాటలు కాసేపు మోసిండు. తర్వాత ఆయనకూ రోషం వచ్చింది.

"ఆ, నేనొక్కన్నే తప్పు జేసిన! మీరు బంగారాలు! ల్యాంపు నడుముకు గట్టుకొని పెండ్లికి వోయినోడెవడు? ఆ?"

వంటింట్లో రాజక్క ఫక్కున నవ్వింది. ఆ ముచ్చట వాడకట్టులో తెలువనోళ్ళు లేరు. నిఖితకైతే పుట్టక ముందు నుంచే తెలిసినట్టు. ఇరవై మూడేండ్ల కింద ఆమె తల్లిదండ్రుల పెండ్లి నాడు రాజలింగుది నైట్ షిఫ్టు. పొద్దున బాయి నుంచి ఎక్కి వచ్చి, రైలు అందదని ఉరికి, తలకు పెట్టుకునే దీపాన్ని, నడుముకు కట్టుకునే దాని బ్యాటరీ డబ్బాను అప్పజెప్పకుండనే రైలెక్కిండు. ఊరిలో నిఖిత వాళ్ళ ఇంటి గోడ మీద ఆ పెండ్లి ఫొటో ఇప్పటికీ ఉన్నది. పెండ్లి పిల్ల, పెండ్లి పిలగాడు, వాళ్ళ వెనక నడుముకు బ్యాటరీ డబ్బాతో పెండ్లి పెద్ద.

"నవ్వుతరు గాని, ఆ రోజు నా పానం ఎట్లయిందో నాకెరుక," అన్నడు భానుప్రసాద్. "బాయిల దిగేటోడు తన నంబరు బిళ్ళ నాకిచ్చి ల్యాంపు తీసుకుంటడు. ఎక్కినంక ల్యాంపు ఇచ్చి బిళ్ళ తీసుకుంటడు. ఈయన బిళ్ళ మేకుకు ఏలాడుతనే ఉన్నది. అంటే మనిషి లోపట్నే ఉన్నట్టు. పన్నెండు మందిని దించి ఎతికిచ్చిన. ఈయన జమ్మికుంటల లడ్డూలు తింటుండు!"

"రెండే తిన్న," అన్నడు రాజలింగు, గొంతు తగ్గించి.

నిఖిత అప్పటిదాకా తలుపు కాడనే ఉన్నది. ఇప్పుడు ఒక అడుగు ముందుకు వేసింది.

"పెద్దబాపు, మన ఫైలు గూడ గట్లనే అయింది."

ముగ్గురూ ఆమె దిక్కు తిరిగిండ్రు. ఆ పిల్ల అడగక ముందే మాట్లాడుడు ఆ ఇంట్లో అరుదు.

"బేస్తారం నాడు లైను తెగంగనే మనం బయటికొచ్చినం. కాని ల్యాంపు అప్పజెప్పలే. అక్కడ మన బిళ్ళ ఇంక మేకుకే ఉన్నది. లోపల మనిషున్నడనుకొని వాళ్ళు తలుపు తీస్తలేరు. మనమేమో పది నిమిషాలకొకసారి పోయి కొడుతున్నం. కొట్టినప్పుడల్ల, ఇగో మనిషి సప్పుడు ఇనవడ్డది, లోపట్నే ఉన్నడు అని రాసుకుంటున్నరు."

"అంటే," అన్నడు రాజలింగు నెమ్మదిగా, "రెండు దినాల నుంచి మన దారికి మనమే అడ్డమున్నమా?"

"మరి శనారం ఆరు శాతం?" అన్నడు మళ్ళ తానే. "నేను ఆపి మొదలువెడితేనే గద..."

"రెండున్నర గంటలు ఎవ్వలు కొట్టలే కాబట్టి బిళ్ళ తీసిండ్రు. ఫైలు దానంతట అదే ఎక్కుతుండె. మీరు ఆపిండ్రు."

ఈ మాట అనేటప్పుడు నిఖిత నేల దిక్కు చూసింది. రాజలింగు కుర్చీలో కూర్చున్నడు. భానుప్రసాద్ మాత్రం ముందుకు వంగి, తన పాత ఉద్యోగపు గొంతుతో అడిగిండు:

"సప్పుడు లేకుంటే ఎంతసేపటికి బిళ్ళ తీస్తరట?"

"రెండు గంటలు సార్."

"రాసున్నదా?"

"రాసున్నది."

"అట్లయితే రూలు రూలే. ఎవ్వలు ముట్టొద్దు," అని తీర్పు చెప్పిండు.

ఆ క్షణాన మౌసు టక్కుమన్నది. అందరూ చూసిండ్రు. రాజలింగు తన చేతిని తానే చూసుకున్నడు. గోడ గడియారం ఒకటిన్నర చూపిస్తున్నది. పది నిమిషాల లెక్క మనసుకు గుర్తు లేకున్నా చేతికి గుర్తున్నది.

"అయ్యో," అన్నడు.

"వత్తిన, కాలే," అన్నడు మొండయ్య. "రాస్కోర్రి."

లెక్క మళ్ళ మొదటికొచ్చింది. రెండు గంటలంటే మూడున్నర. ప్రోగ్రాం మాత్రం తన తర్వాతి ప్రయత్నానికి టైము తానే చూపిస్తున్నది: నాలుగు గంటల నాలుగు నిమిషాలు. మూడు ముప్పై ఒకటికి మనమే వత్తుదామని రాజలింగు అన్నడు. నిఖిత తల అడ్డంగా ఊపింది.

"వాళ్ళ గడియారం మన గడియారం ఒక్కటి గాకపోతే? ఒక్క నిమిషం ముందువడ్డా ఇంకో రెండు గంటలు. అయిదున్నర దాటిపోతది. దాని టైముకే పోనీయుర్రి."

మొండయ్య ఇంటికి పోయి ఎర్ర రేకు బోర్డు ఒకటి తెచ్చిండు. "పని జరుగుచున్నది, స్విచ్చి వేయరాదు" అని తెల్ల అక్షరాలు. రిటైరైన నాడు తుక్కు కుప్పల నుంచి తెచ్చుకున్నదట. దాన్ని తెచ్చి మౌసు మీద బోర్లించిండు.

"ఇగ లేవుర్రి," అన్నది రాజక్క. "ఊకె కూసుంటే చేతులు గులగుల పెడుతయి. చింతపండు గింజలు తీసేదున్నది."

వేపచెట్టు నీడకు చాప పరిచి, ముగ్గురికీ మూడు రాళ్ళు, ముందు చింతకాయల కుప్ప పెట్టింది. బాయిలో నూటపది ఏండ్ల సర్వీసు కలిసి కొట్టుడు మొదలుపెట్టింది. భానుప్రసాద్ గింజలను తీరుగా ఒక దిక్కు పేర్చిండు. మొండయ్య కొట్టిన గింజలు వాకిలంతా ఎగిరినయి. రాజలింగు రెండు కాయలు కొట్టి లేచిండు.

"ఎటు?" అన్నది రాజక్క.

"నీళ్ళు దాగొస్త."

"కుండ నీ ఎనకనే ఉన్నది. లోపలేం నీళ్ళు?"

కూర్చున్నడు. కొంతసేపటికి కండ్లద్దాలు లోపల మరిచిన అని లేచిండు. అవి ఆయన మొహం మీదనే ఉన్నయి. మూడున్నరకు ఇంకోసారి లేచిండు. ఈసారి ఏ సాకూ దొరకలే, తనే కూర్చున్నడు. పక్కన గింజలు ఏరుతున్న నిఖిత ఆయన కుడిచేయి చూపుడు వేలు మోకాలు మీద ఆడుతుండుడు చూసింది. టక్కు. కొంత ఆగి, టక్కు.

"బిడ్డా," అన్నడు మెల్లగా, "పంపు ఆగినప్పుడు చేతులు కట్టుకొని కూసున్నది నా సర్వీసుల లేదు."

"ఎరుకే పెద్దబాపు."

"రిటైరైనంక నా మీదికి వచ్చిన డ్యూటీ ఇదొక్కటే. నా చేతుల్లనే పాడైతదా అని."

నిఖిత చాటలో ఉన్న చింతకాయల్లో పెద్దది ఏరి ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని రాయితో కొట్టిండు, కావలసిన దానికంటె గట్టిగా.

నాలుగింటికి అందరూ లోపలికి వచ్చి కంప్యూటర్ వెనక వరుసగా నిలబడ్డరు. ఎవ్వలూ కూర్చోలే. రాజలింగు రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నడు. నాలుగు రెండు. నాలుగు మూడు. తెర మీద అంకెలు సున్నాకు వచ్చినయి. ఒక క్షణం ఏమీ కాలే. తర్వాత అరవై ఎనిమిది అరవై తొమ్మిదయింది.

"ఎక్కుతుంది!" అని మొండయ్య అరిచిండు.

"ముట్టొద్దు!" అన్నరు తక్కిన ఇద్దరూ ఒకేసారి, ఒకరి దిక్కు ఒకరు చూసుకుంటూ.

డెబ్బై. డెబ్బై మూడు. నెమ్మదిగనే, గాని ఆగకుండా. డెబ్బై ఎనిమిది కాడ బయట చెట్టు ఊగింది. వాకిట్లో చింతగింజలు దొర్లినయి. మబ్బు కమ్మింది. ఎనభై ఒకటి కాడ కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకున్నది గాని, పాత బ్యాటరీ మీద కూలర్ గూడ నడుస్తుండె కాబట్టి అయిదు నిమిషాలకే పీ పీ అని మొత్తుకొనుడు మొదలుపెట్టింది.

మొగోళ్ళు ముగ్గురూ ఇన్వర్టర్ దిక్కు చూసిండ్రు. రాజక్క చూడలే. ముందుగాల కూలర్ స్విచ్చి తీసింది. రెండర్రల ఫ్యాన్లు తీసింది. ఫ్రిజ్ తీసింది. ట్యూబులైటు తీసింది. పీ పీ ఆగలే. దేవుని పటం కాడి చిన్న బల్బు దగ్గరికి పోయి, "జర సేపు సర్దుకో తండ్రీ" అని అదీ తీసింది. ఇన్వర్టర్ నోరు మూసుకున్నది.

చీకటి గదిలో తెర వెలుగొక్కటే ఉన్నది. అయిదుగురి మొహాలకు చెమటలు కారుతున్నయి. ఎనభై తొమ్మిది. తొంబై నాలుగు. బయట చినుకులు పడ్డయి. వాన మీది లెక్క వానలో ఎక్కుతున్నది. రాజలింగు పెదవులు కదులుతున్నయి, అంకెలే చదువుతున్నడు. తొంబై తొమ్మిది కాడ అది చాలాసేపు నిలబడ్డది. రాజలింగు ఒక చేయి చంకలో నుంచి బయటికి వచ్చింది. రాజక్క దాన్ని పట్టుకున్నది. పెండ్లి నాటి తర్వాత నలుగురి ముందు పట్టుకున్నది అదే మొదలు కావచ్చు. వదలలే.

అయిదు గంటల పద్నాలుగు నిమిషాలకు ఫైలు పేరు తెర మీద నుంచి మాయమైంది.

"ఏమాయె? పోయిందా? చెడిపోయిందా?" అన్నడు రాజలింగు కంగారుగా.

నిఖిత వంగి డైరీ చదివింది. మళ్ళొకసారి చదివింది.

"చేరింది పెద్దబాపు. తీసుకున్నం అని రాసిండ్రు."

మొండయ్య వేసిన కేకకు పక్కింటి కోళ్ళు లేచినయి. భానుప్రసాద్ రుమాలుతో మొహం తుడుచుకొని, మళ్ళ ఆ రుమాలును నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నడు. రాజలింగు కుర్చీలో కూలబడి, ఆ ఖాళీ తెరను చూసి చూసి నవ్విండు.

"పదహారు నిమిషాలు ముందుగాల," అన్నడు. "లేటు గాలే."

కరెంటు వచ్చినంక రాజక్క అందరికీ చాయ్ పెట్టింది. చాయ్ తాగుతుండంగనే ప్రోగ్రాం కొత్త ముక్క ఒకటి తెచ్చుకొని లెక్క మొదలుపెట్టింది. యాభై రెండు రోజులు.

"మరి రేపు సెకండ్ షిఫ్టు నాదేనా?" అన్నడు మొండయ్య ఆశగా.

రాజలింగు లేచి కూలర్‌ను రెండు చేతుల పట్టి, గరగర చప్పుడుతో తిప్పి, రాజక్క మంచం ఎదురుగ్గా పెట్టిండు.

"మరి దానికి వేడి గాదా?" అన్నది రాజక్క.

"లోపల దానికి ఫ్యాను ఉన్నదట. నిఖిత చెప్పింది."

"మరి ఈ మాట ఉగాదికి ముందు చెప్పలేదానే?"

"చెప్పిన పెద్దవ్వా," అన్నది నిఖిత. "ఎవ్వలు వినలే."

భానుప్రసాద్ అన్నిటికంటె ముఖ్యమైన పని మరువలే. బుక్కు తెరిచి మొండయ్య ముందు పెట్టిండు. మొండయ్య గొణుక్కుంటూ ఆ పదిహేను వరుసల మీద అడ్డగీత గీసి, పక్కన "నిద్రపోయిన" అని రాసి సంతకం చేసిండు. ఆ అయిదక్షరాలు ఎప్పటిలెక్కనే ఎక్కి దిగినయి.

తర్వాత రాజలింగు పెన్ను తీసుకున్నడు. ఒంటి గంట ముప్పై వరుస కింద, తన పెద్ద బరువైన రాతతో, ఆగి ఆగి రాసిండు.

"నాలుగు గంటల నాలుగు నిమిషాలు. ఎవ్వలు వత్తలే. అయ్యింది."